పేరెత్తితే నేరం

పూర్వం మన ఇళ్లలో ఇల్లాలు మొగుడి పేరు పలికేది కాదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. జనాభా లెక్కలవాడు గుమ్మంలో నిలబడి అడిగితే పక్కింటావిడ వచ్చి చెప్పాల్సిందే. ఆ ఆచారం పోయిందని మనం అనుకుంటున్నాం. పోలేదు, ఫ్యాక్టరీలకు మారిందంతే.

చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో శాంసంగ్ కంపెనీ ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్లు చేయిస్తోంది. అక్కడి కార్మికులు 2024లో సీఐటీయూ అండతో యూనియన్ పెట్టుకుని రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేశారు. పేరు ‘శాంసంగ్ ఇండియా వర్కర్స్ యూనియన్’. ఇంతకంటే చప్పటి పేరు ఉంటుందా? అందులో విప్లవం లేదు, పిడికిలి లేదు. ఫలానా చోట పనిచేసే ఫలానావాళ్లం అని మాత్రమే ఉంది. అయినా కంపెనీ గుండె ఝల్లుమంది. ఆ మొదటి మాట మా ట్రేడ్‌మార్కు, మీరెలా వాడతారంది.

నిజమే మరి. యూనియన్ ఆఫీసును షోరూమనుకుని ఎవరైనా వచ్చి ఏడు కిలోల వాషింగ్ మెషీన్ అడిగితే ఏం గతి! కార్మికుడు ఆ పేరున్న కార్డు మెడలో వేసుకోవచ్చు, ఆ పేరున్న ఫ్రిజ్‌లను రోజంతా బిగించవచ్చు. అదే చేత్తో ఒక దరఖాస్తు మీద ఆ పేరు రాస్తే మాత్రం అపచారం.

1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం పేరు గురించి పెట్టిన ఆంక్ష ఒకటే. అప్పటికే రిజిస్టరైన మరో యూనియన్ పేరులా ఉండి జనాన్ని తికమక పెట్టకూడదు. ఫ్రిజ్ పేరులా ఉండకూడదని రాయడం ఆనాటి దొరలకు తట్టలేదు. కార్మిక శాఖ మాత్రం కంపెనీ అభ్యంతరాన్ని భక్తితో స్వీకరించి ఫైలు మీద కూర్చుంది.

పుట్టింట్లో సంగతేమిటంటే, దక్షిణ కొరియాలో ‘నేషనల్ శాంసంగ్ ఎలక్ట్రానిక్స్ యూనియన్’ అదే ఏడాది జులైలో సమ్మె కూడా చేసింది. ఆ పేరు వల్ల అక్కడ ఎవరి ఆయుష్షూ తగ్గినట్టు లేదు. పైగా సంస్థ అధిపతి లీ జే యోంగ్ 2020లో తలవంచి క్షమాపణ చెప్పి, యూనియన్లు ఉండకూడదన్న పాత పద్ధతికి ఇక స్వస్తి అన్నారు. ఆ క్షమాపణను ఓడలో వేసినట్టున్నారు, నాలుగేళ్లయినా చెన్నై రేవుకు చేరలేదు.

సెప్టెంబరు 9న సమ్మె మొదలైంది. సుమారు 1,800 మందిలో వెయ్యికి పైగా బయటికొచ్చి టెంటు కింద కూర్చున్నారు. సగటున నెలకు 25 వేలొస్తోంది, మూడేళ్లలో 36 వేలు చేయమన్నారు. చుట్టుపక్కలవాళ్ల కంటే ఎక్కువే ఇస్తున్నామంది కంపెనీ. పని లేకపోతే జీతం లేదని నోటీసిచ్చింది. ఊరేగింపు తీస్తామంటే పోలీసులు పట్టుకెళ్లారు. తర్వాత టెంటు కూడా పీకేశారు.

అక్టోబరులో మాత్రం అసలైన వినోదం జరిగింది. మంత్రుల సమక్షంలో కంపెనీ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది, సమ్మెలో లేనివాళ్ల కమిటీతో! కొన్నాళ్లపాటు నెలకు 5 వేలు అదనంగా ఇస్తారట, ఏసీ బస్సులు పెంచుతారట. ఎండలో కూర్చున్నవాళ్లు అడిగింది యూనియన్, మంజూరైంది చల్లగాలి. ఏసీలు అమ్ముకునే కంపెనీ కదా, ఇంకేమిస్తుంది?

శ్రీపెరంబుదూరు రామానుజులవారు పుట్టిన ఊరు. గురువు గుట్టుగా చెప్పిన మంత్రాన్ని ఆయన గోపురమెక్కి కులం చూడకుండా అందరికీ వినిపించారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఇప్పుడైతే కింద కంపెనీ లాయర్లు నోటీసు పట్టుకుని నిలబడేవారు.

ఈ ముచ్చట చెన్నైకి కొత్త కాదు. 1918లో బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల కార్మికులు మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. ఊరి పేరు ఎవరి ట్రేడ్‌మార్కూ కాదు గనక ఆ చిక్కు రాలేదు. అయితేనేం, యాజమాన్యం యూనియన్ అధ్యక్షుడు బి.పి. వాడియాను మద్రాసు హైకోర్టుకు ఈడ్చింది. ఆ దెబ్బకు పుట్టిన ఆందోళనల ఫలితమే 1926 చట్టం. శాంసంగ్ కార్మికులు దాన్ని పట్టుకుని మళ్లీ అదే హైకోర్టు మెట్లెక్కారు.

37 రోజుల తర్వాత సమ్మె ముగిసింది. 2025 జనవరిలో యూనియన్ రిజిస్టరైంది, శాంసంగ్ అన్న మాటతో సహా. నెల తిరక్కముందే కంపెనీ ముగ్గురు యూనియన్ నాయకులను సస్పెండ్ చేసింది, కార్మికులు మళ్లీ బైఠాయించారు. ఆ 1926 చట్టం కూడా ఇప్పుడు లేదు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. ఇకపై ఏ సంస్థలో సమ్మె చేయాలన్నా 14 రోజుల ముందు నోటీసివ్వాలి. టెంటు పీకడానికి మాత్రం ఏ నోటీసూ అక్కర్లేదు.

కనుక యూనియన్ పెట్టుకోవాలనుకునే సోదరులారా, పేరు కోసం పంచాంగం తిరగేయకండి. జీతం చీటీ మీద ఏ పేరుందో అదే పెట్టేయండి.