చరిత్రకు కొత్త రేట్లు

2008 జూలై 3న న్యూయార్క్‌లో ముడిచమురు ఫ్యూచర్ ఎంతకు ముగిసింది? పీపా 145.29 డాలర్లకు. ఆ రోజు కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఆ భ్రమలోనే ఉండిపోయారు, పాపం. అసలు జవాబు 2020 ఏప్రిల్‌లో రోలోవర్ ఏ రోజు చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. నవ్వకండి.

ఫ్యూచర్ కాంట్రాక్టుకు గడువుంటుంది. పాతదాన్ని వదిలి కొత్తదాంట్లోకి మారడమే రోలోవర్. ఆ చోట ధర ఎగిరి దూకుతుంది. చార్టులో ఆ గ్యాప్ కనబడకుండా, తేడాను వెనకున్న ధరలన్నిటికీ కలిపేస్తారు. అదే బ్యాక్ అడ్జస్ట్‌మెంట్. మనవడు పుట్టినప్పుడల్లా తాతగారి పెళ్లి తేదీ దిద్దడమన్నమాట.

ఇక లెక్క చూడండి. 2020 ఏప్రిల్ 17న మే కాంట్రాక్టు 18.27, జూన్ 25.03. ఆ రోజు మారితే 2008 నాటి ధర 152.05 అవుతుంది. 20న మే కాంట్రాక్టు మైనస్ 37.63కి కూలింది, జూన్ 20.43 దగ్గర నిలిచింది. ఆ రోజు మారితే 203.35! మర్నాడు 10.01, 11.57. అప్పుడు 146.85. ఇదంతా ఒక్క రోలోవర్ మహిమే. మిగతా నెలలవీ కలిపితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

తేడా కలిపితే ఇంత గొడవ కదా, నిష్పత్తితో గుణిద్దాం అంటారు తెలివైనవాళ్లు. భేష్. 20వ తేదీ నిష్పత్తి మైనస్‌లో ఉంది. గుణిస్తే 2008 శిఖరం మైనస్ 79 డాలర్ల లోయలో పడుతుంది.

ఈ డేటా దండగని నేననను. పొజిషన్‌ను నెలనెలా మారుస్తూ పోయినవాడికి పీపాకు ఎన్ని డాలర్లు వచ్చాయో, పోయాయో చెప్పడానికి తేడా కలిపే పద్ధతిని మించింది లేదు. అందులో ధరల కదలిక నిజం, ధర మాత్రం కల్పితం. మన ట్రేడింగ్ గురువులు సరిగ్గా ఆ కల్పితం మీదే కొబ్బరికాయ కొడతారు. ఎన్నడూ ఎవరూ కొనని ధర దగ్గర గీత గీసి ‘చారిత్రక సపోర్టు’ అంటారు. 5 శాతం పడితే అమ్మేయాలని స్టాప్‌లాస్ పెట్టి, ఆ పాత ధరల మీద బ్యాక్‌టెస్ట్ నడిపిస్తారు. దేంట్లో 5 శాతం? 100 నుంచి 95కు పడితే అది 5 శాతం. రెంటికీ ఏప్రిల్ 20 నాటి తేడా 58.06 కలిపి చూస్తే 3.2 శాతమే! నిజం మార్కెట్లో తెగాల్సిన స్టాప్ చార్టులో తెగదు, లాభాల గీత మాత్రం నిటారుగా పైకి పోతుంది.

ఆ గీత చూపించిన గురువును రోలోవర్ ఏ రోజు చేశారని అడిగి చూడండి, నీళ్లు నములుతాడు. కోర్సు ఫీజు మాత్రం ఏ సవరణా లేకుండా ముందే కట్టించుకుంటాడు.