కట్టెపద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కార్తీక వనభోజనాలకు పులిహోర ఎవరు కలపాలో, మైకు ఎవరు తేవాలో నిర్ణయమైపోయాక, పెద్దలు చెప్పులు వేసుకుంటుండగా ఒక ప్రశ్న పుడుతుంది: "కట్టెలు కొట్టడానికి ఏం తీసుకెళ్దాం?" ఆ సంశయం తీర్చడానికే కవి ఈ పద్యం చెప్పాడు. ఆయన పేరు, ఊరు తెలియవు. గాడిపొయ్యి పొగ మింగినవాడని మాత్రం పద్యమే సాక్ష్యమిస్తోంది.

మూలం

ఆ. కోయ రంప మొకటి గొడ్డలి చీల్చగ
మోయ గల్గునంత మోత చాలు
పదును లేనిదైన పాదమే నరకును
వనపు చెట్టు ముట్ట వలదు సుమ్ము!

ప్రతిపదార్థం

కోయన్ = కట్టెను అడ్డంగా తుంచుటకు; రంపము ఒకటి = మడిచి సంచిలో వేసుకోదగిన చేతిరంపము; చీల్చగన్ = నిలువునా పగులగొట్టుటకు; గొడ్డలి = మూరెడు కామ గల చిన్న గొడ్డలి (గండ్రగొడ్డలి అని భ్రమించరాదు); మోయన్ కల్గునంత మోత = "నేను మోస్తాలే" అన్నవాడు కనబడకుండా పోయిన పిమ్మట కూడా మనము మోయగల బరువు; చాలున్ = సరిపోవును; పదును లేనిది ఐనన్ = మొద్దుబారినచో; పాదమే = 'ఏ'కారముచే కట్టె తప్పించుకొనునని భావము; నరకును = ఖండించును; వనపు చెట్టు = ప్రాణముతో నిలిచియున్న చెట్టు; ముట్టన్ వలదు = తాకరాదు; సుమ్ము = ఫారెస్టు గార్డు ఆ చుట్టుపక్కలనే ఉన్నాడని హెచ్చరిక.

తాత్పర్యం

కట్టె ఏమి అడుగుతోందో చూసి పనిముట్టు ఎంచుకోవాలి. మన మీసం ఏమి అడుగుతోందో చూసి కాదు.

విశేషాలు

కవి గొడ్డలిని వెనక్కి నెట్టి రంపాన్ని ముందు నిలపడంలో ఔచిత్యం ఉంది. కట్టెలో నార నిలువుగా సాగుతుంది. నిలువునా కొడితే పోగులు ఒకదాన్నొకటి విడిచిపెడితే చాలు, అడ్డంగా కొడితే ప్రతి పోగూ తెగాలి. అందుకే గొడ్డలితో దుంగను అడ్డంగా తెంచేవాడు, దుంగ ఎంత లావో దాదాపు అంత వెడల్పున గాటు పెట్టాల్సి వస్తుంది. రంపం ఒకటి రెండు మిల్లీమీటర్ల సందుతో పని కానిస్తుంది. బరువు చూసినా మడతరంపం పావుకిలో చుట్టుపక్కల, చిన్న గొడ్డలి కిలోకు అటూ ఇటూ, గండ్రగొడ్డలికి తల ఒక్కటే రెండు కిలోల దాకా. అయితే రంపానికీ ఒక హద్దుంది: రేకు పొడవులో సగం మందం దాటిన దుంగ జోలికి పోకూడదు. అంత లావు కట్టె పులిహోరకు అవసరమూ లేదు.

*పూర్వపక్షం:* పరశురాముడు రంపం పట్టాడా?

*సమాధానం:* ఆయన 21 సార్లు బయలుదేరిన పని వేరు. ఒక్కసారీ వంటకు కాదు.

*మరొక పూర్వపక్షం:* ఇంట్లో కొబ్బరిబొండాల కత్తి ఉండగా ఇంత చర్చ ఎందుకు?

*సమాధానం:* ఈ వాదంలో పస ఉంది. వెదురుకూ సన్నకొమ్మలకూ కత్తే మేలు. మణికట్టు లావు కట్టెను నిలబెట్టి, దానిపై కత్తి ఆనించి, కత్తి వీపు మీద మరో కర్రతో మోదితే చీలుతుంది కూడా. బొటనవేలంత పుల్లలకు అదీ వద్దు, మోకాలు చాలు.

ఇక మూడో పాదం. మొద్దుబారిన అంచు కట్టెలో దిగక జారుతుంది. పొడుగు కామ గొడ్డలి గురి తప్పితే చాలావరకు నేలలో దిగుతుంది. పొట్టి కామ గొడ్డలి గురి తప్పితే ముంగాలి మీదికే వస్తుంది. కాబట్టి చిన్నదే ప్రమాదం లేనిదన్న నమ్మకం వదిలి, మోకాళ్ల మీద కూర్చుని, కట్టెను మొద్దుపై పెట్టి కొట్టాలి. బయలుదేరే ముందే ఆకురాయితో అంచు సరిచేసి, సానరాయి మీద పదును పెట్టాలి. తల వదులైన గొడ్డలిని రాత్రంతా నీళ్లలో నానబెట్టడం మన పాత చిట్కా. తడికి కామ ఉబ్బి బిగుస్తుంది, ఎండకు ఆరి మళ్లీ వదులవుతుంది. చీల కొట్టడమే శాశ్వత పరిహారం. కామకు తుమ్మ, చిరుమాను ప్రశస్తం.

కట్టె జాతిని కవి చెప్పలేదు, వ్యాఖ్యాత పూరించాలి. సరుగుడు తిన్నగా చీలుతుంది. చింతమొద్దు నార మెలికలు తిరిగి ఉంటుంది. మాంసం కొట్టేవారు రోజూ కత్తివేట్లు వేసినా పగలదనే ఆ మొద్దును ఎంచుకున్నారు. అది వనభోజన సంఘం దెబ్బకు లొంగుతుందనుకోవడం అత్యాశ.

పాఠాంతరం

రెండో పాదానికి కొన్ని ప్రతులలో "మోయ గల్గు బావ మోత చాలు" అని కనబడుతోంది. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు, బావగారు మాత్రం ఒప్పుకోలేదు. కనుక అగ్రాహ్యం.

నాలుగో పాదానికి ప్రత్యేక వ్యాఖ్య

ఉసిరిచెట్టు కింద భోంచేస్తే పుణ్యమని వెళ్లి, ఆ ఉసిరి కొమ్మనే పొయ్యిలో పెట్టబోయిన భక్తుల కోసం ఈ పాదం పుట్టింది. పచ్చికట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. మంట ముందు ఆ నీటిని కాచి, తర్వాతే అన్నం సంగతి చూస్తుంది.

ధర్మశాస్త్రం కూడా ఇక్కడ గట్టిగానే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధాల నిర్వచనంలో కత్తులను పేరుపెట్టి చేర్చి, జంతువును గాయపరచగల సాధనాలన్నిటినీ కలిపేసింది. గొడ్డలి అందులో కామతో సహా ఇమిడిపోతుంది. లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టకూడదు. అక్కడ నిప్పు పెట్టడమూ నేరమే. కాబట్టి నల్లమల పులుల అడవిని పులులకు వదిలి, తెలిసినవారి మామిడితోట చూసుకోవడం శిష్టాచారం. ఎండుకట్టె అడితిలో తూకానికి దొరుకుతుంది. బతిమాలితే అడితివాడే చీల్చి ఇస్తాడు. అప్పుడు గొడ్డలి ఇంట్లో ఉన్నా నష్టం లేదు, సంచిలో రంపం ఉంటే చాలు.

అలంకారం

మూడో పాదంలో స్వభావోక్తి అని ఆలంకారికులు. కాలికి కట్టు ఉన్నవారు అనుభవోక్తి అంటారు.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివి బయలుదేరినవారికి ఒంటిగంటకు వడ్డన. చదవక గండ్రగొడ్డలి తెచ్చినవారికి నాలుగింటికి, అదీ పక్క బంతివారి గ్యాసు సిలిండరు పుణ్యాన.