నన్ను కాలికి చుట్టిన నాడు

ఆలూరులోని ఒక చిన్న వైద్యశాలయందు, కిటికీ ప్రక్కనున్న బల్లమీద, మూత తెరచిన పెట్టెలో నిటారుగ నిలిచియుండు పాదరసపు రక్తపోటు యంత్రమును నేను. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి జిల్లానుండి విడివడి ఆంధ్రరాష్ట్రమున చేరిన ఈ సీమలో, తెలుగును కన్నడమును ఒకే నోట పలుకు రైతులును, ప్రత్తి మూటలు మోసి భుజములు కాయలుగాచిన కూలీలును, సుగ్గికి పోయి గుంటూరు ప్రాంతమున మిరపకాయలు కోసి తిరిగివచ్చు స్త్రీలును తమ దండచేతులను నాకొప్పగించి, నా గాజునాళములో వెండితీగవలె పైకెక్కు పాదరసమును భయభక్తులతో చూచుచుందురు. నా పట్టీ మడతలలో ఎందరి చెమటయో ఇంకియున్నది. గాలిబుడ్డి రబ్బరు, వైద్యుని బొటనవ్రేలు ఆనుచోట, నునుపు దేరినది. ఇన్ని చేతులను చుట్టుకొనిన నన్ను చాలకాలము ఎవ్వరును కాలికి చుట్టలేదు. నా జీవితమున కొరతయని చెప్పుకొనదగినది ఇదియొక్కటే.

ఒక శ్రావణమాసపు ఉదయమున, అరువది యేండ్లు దాటిన రైతొకడు గోడ పట్టుకొని లోనికి వచ్చెను. ఏటేట విజయదశమినాడు దేవరగట్టు కొండయెక్కి మాళ మల్లేశ్వరస్వామిని దర్శింపక మానని ఆ మనిషి, రెండేండ్లుగా కొండక్రిందనే నిలిచిపోవుచుండెనట.

"నూరడుగులేస్తే పిక్క పట్టుకుంటాది సార్. రోంతసేపు నిలబడితే మళ్లీ ఇడిసిపెడ్తాది" అనెను.

అంతకుముందు మరియొకచోట వాతమని చెప్పగా సూదులు వేయించుకొని, నూనెలు మర్దించుకొని యుండెను గాని, ఆ కాలు ముట్టి చూచినవారు లేరు. మా వైద్యుడు క్రొత్తగా వచ్చినవాడు, చిన్నవాడు. చెప్పులు విప్పించి, పాదముపైనను చీలమండ వెనుకను వ్రేళ్ళుంచి చాలసేపు మౌనముగ నుండెను. ఎడమకాలు చల్లబడియుండెను, వెండ్రుకలు రాలి చర్మము నిగనిగలాడుచుండెను, గోళ్ళు మొద్దుబారి యుండెను, నాడి వ్రేలికి అందలేదు.

"బీడీలు ఎన్ని తాగుతావు పెద్దాయనా?"

"దినానికి రెండు కట్టలు సార్."

అప్పుడాయన నన్ను తెచ్చి చీలమండకు పైగా చుట్టెను. కలమంతటి డాప్లరు పరికరమును పాదముపై ఆనించి, గాలి నింపి మెల్లగా వదలుచుండగా, నా పాదరసము 70కి దిగిన పిమ్మటగాని ఆ పరికరమున రక్తము పారు సవ్వడి వినరాలేదు. చేతియందు అదే సవ్వడి 140 వద్ద పుట్టెను. కాలి పోటును చేతి పోటుచే భాగించిన అర వచ్చినది. ఆరోగ్యవంతునకు అది ఒకటి, లేక ఒకటికి కొంచెము పైన, 0.9 గాని, అంతకు తక్కువగాని వచ్చినచో కాలి ధమని క్రొవ్వు పేరుకొని ఇరుకైనదన్నమాట. నడచునపుడు పిక్క రక్తమును హెచ్చుగా కోరును. ఇరుకు దారి అంత ఇయ్యలేదు. నిలిచినంతనే కోరిక తగ్గి నొప్పి విడుచును. కీళ్ళనొప్పికి ఈ లెక్క యుండదు. ఉపేక్షించినచో రాత్రివేళ పడుకొననీయక కాలిని మంచము దిగువకు వ్రేలాడవేయించు నొప్పియు, తరువాత మానని పుండును, తుదకు వ్రేలు నల్లబడుటయు సంభవించును. కాలిలో ఇరుకైన ధమని గుండెలోను, మెదడులోను గూడ ఇరుకై యుండవచ్చునని వైద్యుడు ఆయనకు ఓపికతో బోధించెను. బీడీ మాన్పించి, ఆస్పిరిన్‌ను కొలెస్టరాల్ తగ్గించు మాత్రను ఇచ్చి, నొప్పి పుట్టువరకు నడిచి, ఆగి, మరల నడువుమని దినచర్య విధించెను. చల్లని కాలని వేడినీళ్ళ కాపడము పెట్టవలదనియు హెచ్చరించెను.

కొన్ని నెలలకు మోకాలి వెనుక గడ్డ లేచిన వృద్ధుడొకడు వచ్చి, కోసి చీము తీయుమని వేడుకొనెను. వైద్యుడు కత్తి ముట్టలేదు. గడ్డకు ఇరుప్రక్కల వ్రేళ్ళుంచగా, గుండె కొట్టుకొనినప్పుడెల్ల ఆ వ్రేళ్ళు ఎడముగా త్రోయబడుచుండెను. నేను బల్లమీదనుండి కన్నులార చూచితిని. అది చీముగడ్డ కాదు, గోడ సడలి బుడగవలె ఉబ్బిన ధమని. దానిని కోసినచో రక్తము కట్టలు తెంచుకొనును. ఊరకున్నచో లోపల గడ్డకట్టిన రక్తము జారి కాలినే హరింపవచ్చును. ఒక మోకాటిలో నున్నది రెండవ మోకాటిలోను, కడుపులోను గూడ ఉండవచ్చునని వెదకి, కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు పంపెను.

లండనులో 1785లో జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు ఒక బండివాని మోకాలి వెనుకనున్న ఇట్టి బుడగకే, తొడయందు ధమనిని కట్టివేసి కాలు నిలిపెను. రక్తము చిన్న ప్రక్కదారుల వెంట పారి కాలిని బ్రతికించినది. ఆ ప్రక్కదారుల బలము తెలిసికొనుటకే, రుష్యా జపాను యుద్ధమున గాయపడిన సైనికుల ధమనులపై చెవియొగ్గిన కొరొట్కొఫ్ అను వైద్యుడు, 1905లో నేడు అందరు వినుచున్న రక్తపోటు సవ్వడులను లోకమునకు వెల్లడించెను. 1896లో ఇటలీయందు రివా రోచి నాకీ పట్టీని, పాదరసమును ప్రసాదించెను. వాక్కును ఇచ్చినది మాత్రము గాయపడి ఉబ్బిన ధమనుల విచారణయే. అట్టి నన్ను చేతికి మాత్రమే పరిమితము చేయుట న్యాయమా!

కడుపులోని బుడగ నాకును చిక్కదు. రెండు సెంటీమీటర్లు వెడల్పుండవలసిన మహాధమని మూడైనచో అది బుడగయే, పురుషులకు 5.5 సెంటీమీటర్లు చేరినచో శస్త్రచికిత్స యోచింపవలెను. ఐన్‌స్టీన్ మహాశయుడు 1955 ఏప్రిల్ 18న మరణించినది అది పగిలియే. పొగత్రాగిన వృద్ధులకు ఒక్కమారు అల్ట్రాసౌండు చేయించిన అది బయటపడును.

మా రైతు బీడీ మానెను. ఈ విజయదశమికి దేవరగట్టుపై సగము దూరము ఎక్కి, మెట్టుమీద కూర్చుండి, తక్కినది మెల్లగా ఎక్కెనట.

పొగత్రాగు అలవాటో మధుమేహమో ఉండి, నడచునపుడు పిక్క పట్టుచున్న వారెవ్వరైనను, వైద్యుని కడకు పోయినపుడు చేయి చాచుటతో ఊరకొనక చెప్పులు విప్పి పాదము చూపుడు. నన్ను ఒక్కమారు చీలమండకు చుట్టుమని అడుగుడు.