మేస్త్రీ మీద పేటెంటు

ఒమన్‌లో కొత్త యంత్రానికి పేటెంటు కావాలంటే దాని గుట్టంతా కాగితం మీద విప్పాలి, అలాంటిది ఇదివరకు ఎక్కడా లేదని తేలాలి, ఏటా రుసుము కట్టాలి. ఇంతా చేస్తే దక్కేది 20 ఏళ్ల హక్కు. ఎవరైనా కోర్టుకెక్కితే అదీ ఊడొచ్చు. జగిత్యాల నుంచి వచ్చిన తాపీమేస్త్రీ మీద హక్కుకు ఈ తతంగమేదీ ఉండేది కాదు. అర్బాబు, అంటే యజమాని, వీసా తీస్తే చాలు. వేరేచోట చేరడానికి అభ్యంతరం లేదనే కాగితం, అదే ఎన్‌ఓసీ, అర్బాబు ఇవ్వనంటే, ఒప్పందం ముగిసినా సరే, మేస్త్రీ దేశం విడిచి రెండేళ్లు బయట ఉండాల్సి వచ్చేది. 2014 జులై నుంచి దీన్ని మరీ గట్టిగా అమలు చేశారు. గోడ కట్టడం నేర్పింది అర్బాబు కాదు, కానీ ఆ పనితనాన్ని కనిపెట్టిన ఘనత మాత్రం ఆయనదే!

“ఖర్చుపెట్టి తెచ్చుకున్నవాణ్ని పోటీ కంపెనీ ఎగరేసుకుపోతే మా గతేం కాను?” అన్నది యజమానుల వాదన. తీసిపారేయాల్సిన మాటేం కాదు. అయితే ఒప్పందం మధ్యలో వదిలి పోయినవాడి మీద దావా వేయొచ్చు. కాకపోతే అక్కడ లెక్క చూపాలి. ఎన్‌ఓసీకి లెక్కతో పనే ఉండేది కాదు. పైగా ఊళ్లో అప్పుచేసి ఏజెంటుకు కట్టింది మేస్త్రీ. పెట్టుబడి పెట్టినవాడిదే హక్కయితే, అర్బాబు మీద పేటెంటు మేస్త్రీకే రావాలి.

2021 జనవరి 1న ఎన్‌ఓసీ పోయింది. మంచి పనే, మెచ్చుకుందాం. 2023 కార్మిక చట్టం పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదంది, కార్మికుడు రాసిస్తే తప్ప అని కూడా అంది. అరబీ కాగితాల కట్ట ముందు పెట్టి ఇక్కడా, ఇక్కడా సంతకం పెట్టమంటే, అప్పు తీరనివాడు ఏ పేజీలో ఏముందని అడుగుతాడు? కోర్టుకు పోవచ్చుగా అంటారు. పోవచ్చు. ముందు కార్మిక శాఖలో రాజీ ప్రయత్నం, ఆపైన ప్రాథమిక కోర్టు, అప్పీలు కోర్టు, సుప్రీంకోర్టు. కార్మికుడికి ఫీజు కూడా లేదు. జీతం ఆగినవాడు అన్నాళ్లూ మస్కట్‌లోని రూవీలో ఏం తిని బతకాలన్నది మాత్రం వాదనల్లోకి రాదు. ఈలోగా అర్బాబు పరారీ ఫిర్యాదు ఒకటి పడేస్తే, జీతం అడగడానికి వచ్చినవాడు కాస్తా ఖల్లివల్లి, అంటే చట్టవిరుద్ధంగా ఉంటున్నవాడు, అయిపోతాడు.

కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్ల సంగతి ఇంకా సులువు. కార్మిక చట్టం వాళ్ల గడప దాకా వచ్చి ఆగిపోతుంది, ఇళ్లలో పనిచేసేవాళ్లకు అది వర్తించదు. అక్కడ ఎన్‌ఓసీ దేనికి, తలుపుకు తాళం ఉండగా?