ఒక ఉక్కు టేపు ఆత్మకథ

ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంచిలో ఉండే పరికరాలన్నిటిలోకీ ఐదు మీటర్ల ఉక్కు టేపు చిన్నది, చవకది. అయినా కట్టడాన్ని నేరుగా తాకి పనిచేసేది అదొక్కటే. పెన్సిలు కాగితంతోనూ కంప్యూటరు తెరతోనూ సరిపెట్టుకుంటాయి గానీ, టేపు గోడకు ఆనుతుంది, బల్ల అంచుకు కొక్కెం వేస్తుంది, బీరువా వెనుక చీకట్లోకి దూరుతుంది. అటువంటి టేపు ఒకటి, విశాఖపట్నానికి కొత్తగా వచ్చిన ఒక విద్యార్థిని చేతిలో ఆ నగరపు గ్రంథాలయాలను కొలిచిన తొలి వారాన్ని ఇక్కడ చెప్పుకుంటున్నది. కొలిచే వస్తువుకు తన గురించి చెప్పుకోవలసింది కొంచెమే, తాను తాకినవాటి గురించి చెప్పవలసింది చాలా ఉంటుంది కనుక ఈ ఆత్మకథ ప్రథమపురుషలోనే సాగుతుంది.

టేపు నిర్మాణం కొంత తెలిస్తే తప్ప తరువాతి కొలతల విలువ బోధపడదు. దీని పట్టీ పలుచని కార్బన్ ఉక్కు రేకు. అడ్డంగా కాస్త వంపు తిప్పి ఉండటం వల్ల బయటికి లాగినప్పుడు కొంత దూరం వరకు వాలిపోకుండా గాలిలో నిలుస్తుంది, వదిలితే లోపలి స్ప్రింగు దాన్ని తిరిగి చుట్టేసుకుంటుంది. కొసన ఉన్న కొక్కెం రివెట్ల దగ్గర కొద్దిగా కదులుతుంది. ఆ కదలిక లోపం కాదు; కొక్కెం మందం ఎంతో అది అంతే ఉంటుంది కాబట్టి, అంచుకు తగిలించి లాగినా గోడకు నొక్కిపెట్టినా కొలత సున్నా దగ్గరే మొదలవుతుంది. నగరంలోని పూర్ణా మార్కెట్ దగ్గరి హార్డ్‌వేర్ దుకాణంలో కొన్నంత మాత్రాన ఈ పట్టీ విశాఖ ఉక్కు కర్మాగారపు ఉక్కుతో చేసినదని అనుకోవడానికి వీలు లేదు. 1966లో తెలుగునాడంతటినీ కదిలించిన ఉద్యమం ఫలితంగా 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారం ప్రధానంగా కడ్డీలు, తీగ చుట్టలు, కట్టడాలకు వాడే ఉక్కు దూలాల వంటి పొడుగు ఉత్పత్తులను తయారుచేస్తుంది. టేపుకు కావలసిన పలుచని రేకు అక్కడ పుట్టదు. అయితే ఆ తరువాతి కాలంలో నగరంలో లేచిన కట్టడాల శ్లాబుల లోపల, పుస్తకాల బీరువాల బరువును మోస్తున్న కడ్డీలలో ఆ ఉక్కు ఉండే అవకాశం మాత్రం చాలా ఎక్కువ.

విద్యార్థినిది అనంతపురం వైపు ఊరు. గాలిలో తడి అంతగా ఎరుగని ప్రాంతం నుంచి సముద్రపు ఒడ్డుకు వచ్చి చేరిన వారంలోనే ఆమె తరగతికి స్టూడియో పని ఇచ్చారు. స్టూడియో అంటే ఆర్కిటెక్చర్ విద్యలో గది పేరు మాత్రమే కాదు. ఒక కట్టడాన్ని ఊహించి, గీసి, అధ్యాపకుల ముందు సమర్థించుకునే పాఠ్యాంశానికి కూడా అదే పేరు. ఇచ్చిన అంశం నగరంలోని ఒక వార్డుకు శాఖా గ్రంథాలయం. గీత మొదలుపెట్టే ముందు ఇప్పటికే నడుస్తున్న గ్రంథాలయాలను చూసి రావాలి, దాన్ని కేస్ స్టడీ అంటారు. చూసినదాన్ని కొలిచి, ఆ కొలతలతో స్కేలు ప్రకారం పటం గీయాలి, దాన్ని మెజర్డ్ డ్రాయింగ్ అంటారు. టేపు జీవితం మొదలైనది ఈ రెండో పనితోనే.

తెలుగునాట గ్రంథాలయం ముందు ఉద్యమంగా పుట్టి, ఆ తరువాతే కట్టడంగా మారిందన్న సంగతిని గుర్తుంచుకోకపోతే ఇక్కడి గ్రంథాలయ భవనాలు అర్థం కావు. విశాఖపట్నంలోనే 1886లో ఒక ఉపాధ్యాయుడు సరస్వతీ నిలయం పేరుతో గ్రంథాలయం తెరిచాడు. 1914లో బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య జీవితమంతా ఆ పనికే ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపారు. అద్దె ఇల్లు, సత్రపు గది, గుడి అరుగు, చివరికి పడవ కూడా గ్రంథాలయం కాగలిగిందంటే, అక్కడ ముందుగా చేరినవాడు పాఠకుడు, గోడలు అతని వెనుక వచ్చాయన్నమాట. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం జిల్లా గ్రంథాలయ సంస్థలను ఏర్పరచి, ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును వసూలు చేసే పద్ధతిని స్థిరపరచింది. నగరంలో ఇల్లున్న ప్రతి కుటుంబమూ, గ్రంథాలయం గడప తొక్కినా తొక్కకపోయినా, దాని ఖర్చులో వాటా భరిస్తున్నది. ఆ కుటుంబాలకు ఆ గదుల్లో దక్కుతున్న చోటు ఎంత అన్నది కొలిచి చూడవలసిన విషయమే.

మొదట కొలతకు వచ్చింది బరువు, అంటే టేపు నేరుగా కొలవలేనిది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడి, తొలుత బెజవాడలో నడిచి, 1930లో వాల్తేరు మెట్టకు చేరింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేసిన తరువాత కొంతకాలం గుంటూరుకు తరలి, మళ్లీ వెనక్కు వచ్చింది. దాని గ్రంథాలయానికి 1949 నుంచి 1961 వరకు ఉపకులపతిగా పనిచేసిన డాక్టర్ వి.ఎస్. కృష్ణ పేరు పెట్టారు. అచ్చు పుస్తకాలతో పాటు తాళపత్రాలను కూడా దాచుకున్న అంత పెద్ద నిల్వ ముందు నిలబడినప్పుడు విద్యార్థిని అడగవలసిన మొదటి ప్రశ్న పుస్తకాలు ఎన్ని అని కాదు, నేల ఎంత మోయాలి అని. భారతీయ ప్రమాణాల ప్రకారం నివాస గృహంలో చదరపు మీటరు నేల సుమారు 200 కిలోల బరువు మోసేలా లెక్కిస్తే, పుస్తకాల నిల్వ వేరే గదిలో ఉన్న పఠనమందిరానికి 300 కిలోలు, నిల్వ కూడా అందులోనే ఉంటే 400 కిలోలు లెక్కించాలి. వరుస బీరువాలతో నిండిన స్టాక్ గదికి, అంటే పుస్తకాలను దాచే గదికి, బీరువా ఎత్తు 2.2 మీటర్ల వరకు 600 కిలోలు, ఆపైన పెరిగే ప్రతి మీటరుకు మరో 200 కిలోలు కలపాలి. ఇల్లుగా కట్టినదాన్ని అద్దెకు తీసుకొని గ్రంథాలయంగా మార్చడంలోని చిక్కు ఇక్కడే ఉన్నది: నేల పాఠకులను మోస్తుంది గానీ బీరువాలన్నిటినీ గది మధ్యలోకి చేరిస్తే మోయలేకపోవచ్చు. అందుకే అటువంటి చోట్ల బరువైన బీరువాలను గోడల వెంట నిలబెట్టడం అలవాటయింది. ఆ అలవాటు నేలను కాపాడింది కానీ పుస్తకానికి చేటు తెచ్చింది.

ఆ చేటు ఏమిటో టేపు స్వయంగా తెలుసుకున్నది. పాత ఊరి వైపు ఉన్న ఒక చిన్న శాఖా గ్రంథాలయంలో విద్యార్థిని బీరువాకూ గోడకూ మధ్య సందు ఎంతో చూడటానికి పట్టీని లోపలికి తోసింది. సందు రెండు సెంటీమీటర్లు కూడా లేదు; బయటికి వచ్చిన పట్టీ మీద తడిసిన సున్నం పొడి, దానితో పాటు బూజు నుసి అంటుకొని ఉన్నాయి. విశాఖలో గాలిలో తేమ చాలా నెలల్లో 70 శాతాన్ని దాటుతుంది. కాగితం మీద బూజు పట్టడానికి ఇంచుమించు ఆ స్థాయి తేమ, గాలి ఆడని చోటు చాలు. గోడకు ఆనించిన బీరువా వెనుక ఈ రెండూ ఉంటాయి, చెదలకు దారి కూడా అక్కడే దొరుకుతుంది. చేతివెడల్పు, అంటే 10 నుంచి 15 సెంటీమీటర్ల సందు విడిచిపెడితే గాలి పైకి పారుతుంది, చీపురు దూరుతుంది, చెదల మట్టిదారి కంటపడుతుంది. తాళపత్రాలను నిమ్మగడ్డి నూనెతో తుడిచి, విడదీసి, గాలి తగలనిచ్చి వందల ఏళ్లు కాపాడుకున్న సంప్రదాయానికి ఈ సూత్రం కొత్తది కాదు. ఆ రోజు పట్టీని గుడ్డతో తుడిచి చుట్టినా, ఉప్పుగాలి ప్రభావం వల్ల కొక్కెం రివెట్ల దగ్గర మొదటి తుప్పు చుక్క వారం తిరగకుండానే కనిపించింది. ఉక్కు మీద అది కంటికి కనపడుతుంది. కాగితం లోపల జరిగే నష్టం పుట విరిగేదాకా బయటపడదు.

అయితే కిటికీలు బార్లా తెరవమని చెప్పడం పాత ఊరిలో అంత సులువు కాదు. 1933లో ప్రారంభమైన ఓడరేవు ఈ నగరానికి బతుకుతెరువు ఇచ్చింది, దానితో పాటు బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళిని కూడా ఇచ్చింది. కిటికీ గడప మీద వేలు రాస్తే నల్లగా అంటుకోవడం అక్కడివారికి ఎన్నో ఏళ్లుగా తెలిసిన బాధ. తేమ పోవాలంటే గాలి కావాలి, గాలితో పాటు ధూళి వస్తుంది. ఈ చిక్కుకు ఏ పాఠ్యపుస్తకమూ తయారు జవాబు ఇవ్వదు. రేవు వైపు గోడలో ఎత్తున చిన్న కిటికీలు, దానికి ఎదురుగా పెద్దవి పెట్టి, బీరువాలను కిటికీల గోడకు లంబంగా నిలబెట్టి, ప్రతి నడవకు ఎదురుగా ఒక కిటికీ వచ్చేలా చేయడం విద్యార్థిని చేరుకున్న పరిష్కారం. ఇందులో చివరి భాగం ఎస్.ఆర్. రంగనాథన్ ఎంతో కాలం క్రితమే నొక్కి చెప్పిన పద్ధతి. గణిత అధ్యాపకుడిగా మొదలై మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఆయన 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలలో పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్నది ఒకటి, గ్రంథాలయం పెరిగే జీవి అన్నది మరొకటి. నడవలో వెలుగు లేక పుస్తకం వీపు మీది పేరు చదవలేకపోతే మొదటిది చెడుతుంది. నేల మోయలేకపోతే రెండోది ఆగిపోతుంది.

వెలుగు విషయంలో మరొక సంగతి చెప్పక తప్పదు. చదువుకునే గదికి ఉత్తరపు వెలుగు మేలని విద్యార్థులు పుస్తకాలలో చదువుతారు, ఆ సలహా చల్లని దేశాలలో పుట్టినది. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల మే రెండో వారం నుంచి జూలై చివరి వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరం వైపుకు వాలి ఉంటాడు. వేసవి అంతా పొద్దు పొడిచేది ఈశాన్యంలో, కుంకేది వాయవ్యంలో. కనుక ఇక్కడి ఉత్తరపు కిటికీకి కూడా పైన సన్‌షేడ్, పక్కన నిలువు పలక అవసరం.

వారం మొత్తంలో టేపుకు ఎక్కువ పని చెప్పినది మాత్రం ఒక పత్రికల బల్ల. పొద్దున్నే వచ్చి దినపత్రిక విప్పిన ఒక పెద్దాయన మోచేతుల మధ్య దూరాన్ని విద్యార్థిని బల్ల అంచు వెంట టేపు పరచి చూస్తుండగా ఆయన తలెత్తి, “ఏటమ్మా కొలుస్తన్నావు?” అని అడిగారు. “మీరు పేపరు విప్పితే ఎంత జాగా కావాలో చూస్తున్నాను, తాతగారూ” అన్నది ఆమె. ఆయన వెంటనే పత్రికను పూర్తిగా చాపి పట్టుకున్నారు. పట్టీ మీద 78 సెంటీమీటర్లు వచ్చింది. కుర్చీకి కుర్చీకి మధ్య ఉన్నది 55 సెంటీమీటర్లే. పక్కనున్న మనిషి ఒదిగి కూర్చోవడం, పత్రికను నాలుగు మడతలు పెట్టుకొని చదవడం మర్యాద వల్ల అలవడినవని అనుకుంటారు గానీ, అవి బల్ల నేర్పిన అలవాట్లు. పఠనమందిరంలో కుర్చీ, బల్ల, నడిచే దారి అన్నీ కలిపి ఒక్కో పాఠకుడికి సుమారు 2.33 చదరపు మీటర్లు, అంటే పాతలెక్కలో 25 చదరపు అడుగులు ఉండాలన్నది మన దేశంలో వాడుకలో ఉన్న ప్రమాణం. ఆ గదిలో విద్యార్థిని లెక్క వేస్తే అందులో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే తేలింది.

దీనికి కారణం నిర్లక్ష్యం కాదు, పాఠకుడు మారిపోవడం. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం వంటి చోట్లకు నేడు వచ్చేవారిలో ఉద్యోగ పరీక్షలకు చదివే యువతీయువకులు చాలామంది ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి ఇరుకు గదుల్లో అద్దెకుండే వారికి పుస్తకం సొంతంగా ఉంటుంది, చదువుకునే చోటే ఉండదు. వారికి కావలసినది బీరువా కాదు, పొద్దున్నుంచి చీకటి పడేదాకా తమదిగా ఉండే 90 సెంటీమీటర్ల బల్ల అంచు, తల మీద ఫ్యాను, మంచినీరు, ఆడపిల్లలు నిశ్చింతగా వెళ్లగలిగే మరుగుదొడ్డి. పుస్తకాల సంఖ్యతోనే గ్రంథాలయాన్ని బేరీజు వేసే పద్ధతి ఈ అవసరాన్ని లెక్కలోకి తీసుకోదు, అందుకే భవనాల ప్రణాళికల్లో నిల్వగది ముందు గీసి, మిగిలిన చోటును పాఠకుడికి వదిలిపెట్టడం ఇప్పటికీ సాగుతున్నది. పడవలోనూ అరుగు మీదా పాఠకుడితో మొదలైన ఉద్యమపు వారసత్వానికి ఈ క్రమం తగినది కాదు.

విద్యార్థిని వారాంతంలో గీసిన షీటు మీద మొదట పడినది గోడ కాదు, కూర్చున్న మనిషి. బల్ల అంచు పత్రికలకు 80, చదువుకు 90 సెంటీమీటర్లు. ఎదురెదురుగా కూర్చునే బల్ల వెడల్పు 120. బీరువాల మధ్య నడవ 110, గోడ నుంచి సందు 15. ఈ అంకెల నుంచి గది కొలత, గది నుంచి దూలం, దూలం నుంచి కడ్డీల లెక్క బయటికి వచ్చాయి. ఆ షీటును చూసిన అధ్యాపకురాలు నిల్వగది చిన్నదైందని, పెరిగే పుస్తకాలకు చోటు ఎక్కడని అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది. కింది అంతస్తులోనే స్టాక్ గదిని ఉంచి, భవిష్యత్తులో పఠనమందిరంలో కొంత భాగం బీరువాలకు ఇవ్వవలసి వచ్చినా ఇబ్బంది లేకుండా అక్కడి నేలను కూడా 600 కిలోలకు లెక్కించడం మంచిదన్న నిర్ణయం ఆ చర్చలో కుదిరింది. ఖర్చు పెరుగుతుంది, ఇనుము ఎక్కువ పడుతుంది. శాఖా గ్రంథాలయానికి అంత అవసరమా అన్నది ఇంకా తేలలేదు. తరువాతి వారం ఉక్కు కర్మాగారపు నివాసప్రాంతమైన ఉక్కునగరంలోని గ్రంథాలయానికి వెళ్లవలసి ఉన్నది. పెద్ద హాళ్ల పొడవుకు ఐదు మీటర్ల పట్టీ చాలదు కనుక స్టూడియో అల్మారాలోని ముప్పై మీటర్ల ఫైబర్‌గ్లాస్ టేపును కూడా విద్యార్థిని రిజిస్టరులో సంతకం చేసి తీసుకున్నది. బల్లలు, కుర్చీలు, బీరువా సందులు మాత్రం ఉక్కు టేపుకే మిగిలాయి.