ఒకే ముక్కకు రెండు రంగులు: బీకే సముద్రం చిట్కాలు

ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కను గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలని హడావుడి చేస్తారు. మీరు సెలైన్ సీసాలో పడేసి, బుక్కరాయసముద్రం నుంచి అనంతపురం పోయే ఆటో నిండేదాకా ఆగండి. ఫార్మలిన్ బిగించేసిన ప్రొటీన్లు మళ్లీ తెరుచుకునేలా 1991లో షీ అనే శాస్త్రవేత్త బృందం స్లైడ్లను మైక్రోవేవ్‌లో ఉడికించింది. వాళ్లు మన మే నెల ఎండ చూసి ఉండరు, పాపం.

ఉడికించే బఫరు, ప్రొటీన్లను వెతికి పట్టే యాంటీబాడీల్లో కొన్నింటికి పీహెచ్ 6 సిట్రేట్ ఉండాలి, కొన్నింటికి పీహెచ్ 9 ఈడీటీఏ ఉండాలి. మధ్యేమార్గంగా ఏడున్నర పెట్టండి. ఇద్దరికీ న్యాయం చేసినట్టుంటుంది. కలపడానికి బోరు నీళ్లు చాలు. బిందెకు గార కట్టే నీళ్లకు బఫరో లెక్కా?

అసలు కిటుకు రంగుల దగ్గరుంది. ప్రోస్టేట్ ముక్కలో పీ63 అనే ప్రొటీన్‌ను గోధుమరంగులో, రేసిమేజ్ అనేదాన్ని ఎరుపులో చూపిస్తారు. ఒక యాంటీబాడీ ఎలుకది, ఇంకోటి కుందేలుది అయితే వాటిని పట్టే సెకండరీ యాంటీబాడీలు దేని దారిన అవి పోతాయి. మీరు రెండూ కుందేలువే తెప్పించండి. అప్పుడు సెకండరీ, పెళ్లింట్లో తాగొచ్చిన బామ్మర్దిలాగ, కనిపించిన కుందేలునల్లా కౌగిలించుకుంటుంది. ప్రతి కణం రెండు రంగులూ పూసుకుంటుంది. ‘రెండు ప్రొటీన్లూ ఒకేచోట’ అని పేపరు రాసుకోవచ్చు. 1968లో నకానే అనే శాస్త్రవేత్త ఎలుక పిట్యూటరీ మీద ఇలా ఒకే ముక్కకు వేర్వేరు రంగులేస్తూ, ఒక రంగు పడ్డాక ఆ యాంటీబాడీలను కడిగేసి గానీ రెండోదానికి పోలేదు. ఆయనకేం, తీరిక!

ఎరుపుకు ఏఈసీ అనే రంగు వాడి, చివర్లో అలవాటు ప్రకారం ఆల్కహాల్‌లో ముంచండి. ఎరుపు కరిగిపోతుంది. పాజిటివ్ కాస్తా నెగటివ్ అవుతుంది, రోగి ఇంట్లో పాయసం వండుకుంటారు.

యాంటీబాడీ వేశాక స్లైడును తడి డబ్బాలో పెట్టకుండా కిటికీ పక్కన వదిలేసి టీకి పోండి. వచ్చేసరికి ఎండాకాలం చెరువులాగ అంచుల నుంచి లోపలికి ఎండిపోయి ఉంటుంది. ఆ అంచులన్నీ ముదురు గోధుమరంగు తేలతాయి. డాక్టరుగారు అడిగితే కణితి అక్కడే ఎక్కువుందనండి.

కంట్రోల్ స్లైడు మాత్రం పెట్టొద్దు. పెడితే తప్పెక్కడ జరిగిందో తెలిసిపోతుంది. చెరువుకట్ట తెగబోతే ముసలమ్మ బలైన కథ చెప్పుకునే ఊరు మనది. రిపోర్టు తేడా కొడితే బలికి మొన్న చేరిన టెక్నీషియన్ అమ్మాయి ఉండనే ఉంది.