కంప్యూటర్ పరీక్షకు కరెంటు అక్కర్లేదు

చాలా బడుల్లో కంప్యూటర్ పీరియడ్ లెక్కల మాస్టారి నెత్తినో సైన్సు టీచరమ్మ నెత్తినో పడుతుంది. పిల్లలకు ఏం వచ్చో తేల్చే భారమూ వాళ్లదే. ఆ తోటి ఉపాధ్యాయులకు నా సలహా ఒకటే: పరీక్ష మెషీన్ మీద పెట్టకండి, కాగితం మీద పెట్టండి.

పిల్లల మీద ప్రేమతోనే ఈ మాట అంటున్నాను. ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ మన దగ్గర ఒకే బెంచీ మీద కూర్చుంటారు. 2023లో అసర్ అనే చదువుల సర్వేలో పల్లెల్లోని 14–18 ఏళ్ల పిల్లల్ని స్మార్ట్‌ఫోన్ తెచ్చుకోమని, అలారం పెట్టమన్నారు, నెట్‌లో ఒక సంగతి వెతకమన్నారు, యూట్యూబ్ వీడియో వెతికి ఇంకొకరికి పంపమన్నారు. ఈ పనుల్లో అమ్మాయిలు వెనకబడ్డారు. పడరా మరి? ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో నూటికి 43 మందికి పైగా సొంత ఫోన్ ఉంటే, అమ్మాయిల్లో 20 మందికి కూడా లేదు. ఆ లోటును క్లాసులో అందరి ముందూ బయటపెట్టి ఆడపిల్లను చిన్నబుచ్చడం దేనికి? కాగితం దగ్గర అందరూ సమానమే. మౌస్ ఎన్నడూ పట్టని పిల్ల కూడా మౌస్ గురించి ఐదు మార్కుల జవాబు చక్కగా రాయగలదు.

ప్రశ్నల సంగతికొస్తే, సీపీయూ, ర్యామ్, రోమ్ పూర్తి పేర్లు ఉండాల్సిందే. ఖాళీలు, జతపరచడాలు మీకు తెలిసినవే. కీబోర్డు బొమ్మ మాత్రం వదలకండి. స్కేలు పెట్టి గళ్లు గీసి, పై వరుసలో క్యూ నుంచి పి వరకు పది అక్షరాలు, మధ్య వరుసలో ఏ నుంచి ఎల్ వరకు తొమ్మిది, కింద జడ్ నుంచి ఎమ్ వరకు ఏడు నింపించండి. స్పేస్ బార్ పొడుగ్గా గీయకపోతే అర మార్కు తగ్గించండి. ఐసీఐఎల్ఎస్ అనే అంతర్జాతీయ పరీక్షలో ఎనిమిదో తరగతి పిల్లల చేత కంప్యూటర్ మీదే పోస్టర్లూ వెబ్ పేజీలూ తయారు చేయించారు. అలాంటివి మన దగ్గర దిద్దితే ఒక టీచరు ఏడు వేస్తారు, మరొకరు నాలుగు వేస్తారు. ర్యామ్ పూర్తి పేరు దగ్గర ఆ పేచీ రాదు.

దిద్దేటప్పుడు మనసు గట్టి చేసుకోవాలి. మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. ల్యాబ్‌లో పాఠం వీడియోకు సౌండ్ రాకపోతే, సీపీయూ వెనక్కి వంగి చూసి, గులాబీ రంగు మైకు రంధ్రంలో ఉన్న స్పీకర్ పిన్ను లాగి ఆకుపచ్చదాంట్లో పెట్టింది. వెంటనే మోగింది. నాకెంత ముచ్చటేసిందో! క్లాసంతటి చేత చప్పట్లు కొట్టించాను. అదే అమ్మాయి యూనిట్ టెస్టులో స్పీకర్ ఇన్‌పుట్ పరికరమని రాసింది. సున్నా వేశాను. సరిగ్గా రాసిన పక్క పిల్లకు అన్యాయం చేయలేం కదా. చప్పట్లు వేరు, మార్కులు వేరు.

ట్యాబ్‌లున్న చోట ఇంకా జాగ్రత్త కావాలి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. ట్యాబ్ చేతికొచ్చిన పిల్లలు వీడియోను వెనక్కి జరిపి మళ్లీ చూడటం, స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవడం ఎవరూ చెప్పకుండానే పట్టేస్తారు. చెప్పకుండా వచ్చినదానికి మార్కులు వేస్తే, మనం గొంతు చించుకుని చెప్పినదానికి విలువేం మిగులుతుంది? కాబట్టి ట్యాబ్‌లో ఏం చేశారో రికార్డు రాయించండి. మార్జిన్, తేదీ, ఉద్దేశం, విధానం, ఫలితం అన్నీ ఉండాలి. మార్కులు ఆ రికార్డుకే వేయండి. పై నుంచి ఎవరైనా తనిఖీకి వస్తే చూపించడానికి మన చేతిలో ఉండేదీ అదే.

పరీక్ష రోజు ల్యాబ్‌కు తాళం వేసి ఉంచండి. "సార్, రాయడం రావట్లేదు, చేసి చూపించనా?" అని ఎవరైనా లేస్తే కోప్పడకండి. ఒక అడిషనల్ షీటు ఇచ్చి, స్టెప్పులన్నీ వరసగా రాయమనండి.